గండికోట బండ

మైదుకూరు నాలుగు దారుల ఊరు. కర్నూలు నుంచి కడపకు పోయే దారి, బద్వేలు నుంచి పొద్దుటూరుకు పోయే దారి ఇక్కడే కలుస్తాయి. బస్సు కోసం నిలబడినవాళ్లకు ఈ కూడలి మామూలు కూడలే. పటం ముందు పెట్టుకుని చూస్తే మాత్రం బద్వేలు దారి కథ చాలా దూరం పోతుంది. నెల్లూరు తీరంలో కృష్ణపట్నం దగ్గర మొదలైన 67వ నంబరు జాతీయ రహదారి ఆత్మకూరు, బద్వేలు దాటి మైదుకూరు చేరుతుంది. ఇక్కడి నుంచి పొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి మీదుగా బళ్ళారి, హోస్పేట చేరి, హుబ్బళ్ళి, ధారవాడ దాటి గోవా ఎల్లల దాకా పోతుంది. ఈ వ్యాసంలో వచ్చే మనుషుల్లో చాలామంది ఈ దారి పొడుగునా ఎక్కడో ఒకచోట నిలిచి ఉన్నారు. వాళ్లలో ఒకడు పోర్చుగల్ నుంచి వచ్చిన రాతి పనివాడు.

మైదుకూరు నుంచి గండికోట సుమారు 60 కిలోమీటర్లు. పొద్దుటూరు దాటేదాకా కర్నూలు–కడప కాలువ నీళ్లు పారే నేల, వరి, పసుపు, ఉల్లి. జమ్మలమడుగు దగ్గరికి వచ్చేసరికి నేల రంగు మారుతుంది. రోడ్డు పక్కన కంచె కూడా బండే. నిలువెత్తు నాపరాళ్లు వరుసగా పాతి, పొలానికి గోడగా నిలబెట్టి ఉంటారు. ఇంటి అరుగు బండ, గడప పక్కన కూర్చునే తిన్నె బండ, దొడ్లో నీళ్ల తొట్టి పలకలు బండ, మిద్దె కప్పులో దూలాల మీద పరిచింది బండ, పశువును కట్టేసే కడీ బండ. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఔకు, బనగానపల్లె, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపట్ల ఎక్కడ తవ్వినా ఈ పలకరాయి దొరుకుతుంది. దేశంలో ఎక్కడ అడిగినా దీన్ని కడప బండ అంటారు. తయారయ్యే ఊళ్లలో సగం కర్నూలు, నంద్యాల వైపువే అయినా పేరు మాత్రం కడపకే దక్కింది.

భూగర్భ శాస్త్రంలో ఈ రాయి పేరు నర్జి సున్నపురాయి. నర్జి ఈ ప్రాంతపు ఊరే. మద్రాసు ప్రెసిడెన్సీలో భూగర్భ సర్వే చేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. కడప హరివాణం అనే ఈ మహా శిలాభూమికి శాస్త్రలోకంలో పేరు తెచ్చిన తొలి రచనల్లో అదొకటి. ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా అడుగున పేరి గట్టిపడింది. తర్వాత దాన్ని గట్టిగా నలిపే ఒత్తిడీ, వేయించే వేడీ ఈ వైపు పెద్దగా రాలేదు. అందుకే పొరలు పొరలుగానే మిగిలాయి. గునపం మొన సందులో దించి ఎత్తితే పలక లేచి వస్తుంది. రాయలసీమ ఇంటి రూపం ఈ ఒక్క గుణం మీద నిలబడి ఉంది.

ఇక్కడ పోర్చుగల్ మాట ఎత్తాలి. ఆ దేశంలో అలెంతెజు అనే ప్రాంతం ఉంది. ఎండకు మాడే నేల, పొడి గాలి, పెద్ద పెద్ద మెట్ట పొలాలు. మన సీమ నుంచి వెళ్లినవాడికి అక్కడి భూమి కొత్తగా అనిపించదు. ఆ ప్రాంతంలో ఎస్త్రెమోజ్ అనే పట్టణం కోటకూ, పాలరాయికీ ప్రసిద్ధి. గుట్ట మీద 13వ శతాబ్దపు కోట, దాని నడుమ సుమారు 27 మీటర్ల ఎత్తు బురుజు, దాన్ని కూడా పాలరాతితోనే కట్టారు. రాజు దినిస్ తన రాణి ఇసబెల్‌కు అక్కడ నివాసం కట్టించాడు. ఆ రాణి 1336లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది, తర్వాత పునీతురాలిగా పూజలందుకుంది. 1698లో కోటలోని మందుగుండు కొట్టు పేలి రాజభవనం చాలా భాగం కూలింది. మళ్లీ కట్టిన భవనం ఇప్పుడు విడిదిగృహం. ఎస్త్రెమోజ్‌లో, పక్కనున్న బోర్బా, విలా విసోజా ఊళ్లలో పేదవాడి గడప కూడా పాలరాయే. అక్కడ అది ఐశ్వర్యపు గుర్తు కాదు, కాలి కింద దొరికే రాయి. మనకు నాపబండ ఎలాగో వాళ్లకు పాలరాయి అలాగ.

ఈ పోలికకు శాస్త్రపరంగా కూడా ఆధారం ఉంది. పాలరాయి మూలంలో సున్నపురాయే. నేల లోపలి వేడికీ ఒత్తిడికీ లోనై, పొరలు చెరిగి, పలుకులు మళ్లీ కట్టుకున్న సున్నపురాయి పాలరాయి అవుతుంది. కడప సముద్రపు బురద ఆ గతికి లోనుకాలేదు కాబట్టి పలకగా మిగిలింది. ఎస్త్రెమోజ్ రాయి లోనైంది కాబట్టి విగ్రహం చెక్కడానికి పనికొచ్చింది. ఒకటే పుట్టుక ఉన్న రెండు రాళ్లు రెండు ఖండాల్లో రెండు రకాల ఇళ్లు కట్టాయి.

అయితే గండికోటను కట్టింది నాపరాయితో కాదు. జమ్మలమడుగు దాటి పడమటికి ఎక్కుతుంటే నేల ఎర్రబడుతుంది. ఎర్రమల కొండల వరుస ఇది. ఇక్కడి రాయి పాత ఇసుకరాయి. కాలక్రమంలో ఇసుక రేణువుల సందులన్నీ పూడి, ఉక్కులా గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు కూడా గండికోట క్వార్ట్‌జైట్. నర్జి సున్నపురాయి కంటే చాలా పాతది, వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది. దీన్ని పెన్న కోసింది. వందల అడుగుల లోతు, నిట్టనిలువు గోడలు. రెండు వైపులా బండలు ఇటుకలు పేర్చినట్టు అడ్డంగా, నిలువుగా చీలి కనిపిస్తాయి. ఆ గండిని చూసే ఊరికి పేరు వచ్చింది. గండి పక్కన కోట, గండికోట. పెన్న కుడి గట్టు మీద, ఒక పక్క పాతాళం లాంటి లోయ కాపలా కాస్తుంటే, మిగిలిన పక్కన మనిషి గోడ కట్టాడు.

ఎవరు కట్టారు? ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. స్థానిక కైఫీయత్తు, దాన్ని అనుసరించే పుస్తకాలు, గోడ పలకలు అన్నీ ఒకటే చెబుతాయి. చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు, పక్కనే ఉన్న బొమ్మనపల్లె వాడు, 1123లో మొదటి కోట కట్టాడని. ఈ వాక్యంలో చిక్కు ఉంది. ఆహవమల్ల బిరుదున్న మొదటి సోమేశ్వరుడు కల్యాణి నుంచి పాలించి 1068లో తుంగభద్రలో మునిగి ప్రాణం విడిచాడు. 1123 నాటికి సింహాసనం మీద ఉన్నవాడు అతని కొడుకు ఆరవ విక్రమాదిత్యుడు. కాబట్టి రాజు పేరు నిజమైతే సంవత్సరం తప్పు, సంవత్సరం నిజమైతే రాజు తప్పు. కైఫీయత్తులు రాసినవాళ్లను దీనికి తప్పుపట్టకూడదు. 1800 తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి, కరణాల దగ్గర ఉన్న దండకవిలెలు చూసి, ముసలివాళ్లను అడిగి రాయించిన సమాచారం అది. ఏడు వందల ఏళ్ల కిందటి సంగతి ఊరి నోట అంత మాత్రం మిగిలిందంటేనే మెచ్చుకోవాలి. ఆ రాతప్రతులు చెదలు పాలు కాకుండా నకళ్లు రాయించినవాడు సి.పి. బ్రౌన్. కడపలో ఆయన నివసించిన చోట వెలసిన భాషా పరిశోధన కేంద్రం దయ వల్లే కడప జిల్లా కైఫీయత్తులు ఇవాళ అచ్చులో మన చేతికి వచ్చాయి. కాకరాజు పేరును నేను నమ్ముతాను. సంవత్సరాన్ని పెన్సిలుతో రాసుకుంటాను.

నేల గట్టిగా దొరికేది 13వ శతాబ్దంలోనే. కాకతీయ గణపతిదేవుడి కొలువులో గంగయ సాహిణి అనే అశ్వసేనాధిపతి ఎదిగాడు. అతని వంశాన్ని కాయస్థులంటారు. వల్లూరు, గండికోట ప్రాంతాలు వాళ్ల చేతికి వచ్చాయి. ఆ వంశంలో అంబదేవుడు రుద్రమదేవికి ఎదురు తిరిగాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తాను గెలిచినవాళ్ల జాబితా పొడుగ్గా చెక్కించుకున్నాడు. అంతకు ముందు ఏడాది, 1289లో, నల్లగొండ జిల్లా చందుపట్లలో వేసిన చిన్న శాసనం ఒకటి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ మరణించినట్టు చెబుతుంది. ఈ రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టి, ఆమె అంబదేవుడితో జరిగిన పోరులోనే నేలకొరిగి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. ఆ ఊహ బలమైనదే. 14వ శతాబ్దం తొలి ఏళ్లలో ప్రతాపరుద్రుడి సేనాని గొంకారెడ్డి కాయస్థులను అణచి, గండికోట కేంద్రంగా ములికినాడును పాలించాడు.

అప్పటి కోట మనం చూసే కోట కాదు. ఇప్పుడు నిలిచిన ఎర్రరాతి గోడ, నున్నగా చెక్కిన పెద్ద బండలు, బురుజులు విజయనగర కాలపు పెమ్మసాని నాయకుల పని అని నిపుణులు అంటారు. వాళ్లు ఇక్కడ తరతరాలు పాలించారు. రామలింగ నాయుడు, తిమ్మా నాయుడు అనే పేర్లు రాయవాచకం లాంటి గ్రంథాల్లో కృష్ణదేవరాయల పక్కన వినిపిస్తాయి. మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం ఆ కాలపువే. మాధవరాయ ఆలయ గోపురం కింది అంతస్తు ఎర్రరాయి, పైన ఇటుక, గచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు హోస్పేటకు పోదాం, అదే దారి మీద ఇంకా పడమటికి. 1520 మే నెలలో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచినప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగ్వెయిరేదో అనే పోర్చుగీసు ఇరవైమంది తుపాకీవాళ్లతో సాయపడ్డాడని నూనిజ్ రాశాడు. నూనిజ్ పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, 1530లలో విజయనగరంలో ఉన్నాడు. అతని కంటే పది పదిహేనేళ్ల ముందు వచ్చిన డొమింగో పేస్ కూడా ఇంకో వృత్తాంతం రాశాడు. రెండూ పారిస్‌లో మరుగున పడి ఉంటే రాబర్ట్ స్యూయెల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. రాయలు కొత్తగా కట్టించిన నాగలాపురానికి, అంటే నేటి హోస్పేటకు, ఒక పెద్ద చెరువు కావాల్సి వచ్చింది. రెండు గుట్టల నడుమ అడ్డంగా కట్ట వేయాలి. పేస్ అక్కడికి పోయినప్పుడు పదిహేను, ఇరవై వేలమంది చీమల్లా పనిలో ఉన్నారట, నేల కనపడనంతగా. కట్ట రెండు మూడుసార్లు తెగితే, బలి కావాలని పురోహితులు చెప్పారనీ, 60 మంది తలలు నరికించారనీ అతను రాశాడు. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ చెరువు పనికి రాయలు గోవా గవర్నరును అడిగి ఒక పనివాడిని రప్పించుకున్నాడు. పేరు జొవావ్ దెల్లా పోంతె, రాతి పనిలో మహా నేర్పరి. నూనిజ్ చెప్పేది ఏమిటంటే, చెరువు ఎలా ఉండాలో రాజు వివరించాక, అది అసాధ్యమని మనసులో అనుకుంటూనే, దెల్లా పోంతె సరేనన్నాడు, సున్నం సిద్ధం చేయించమన్నాడు. రాజు గట్టిగా నవ్వాడట, తన దేశంలో ఇల్లు కట్టేటప్పుడు సున్నం వాడడం ఎవరికీ తెలియదు కనుక.

ఈ కథను చాలామంది అలాగే ఎత్తి రాశారు. నాకు అది కుదరదు. విజయనగరపు గోపురాలు రాతి పీఠం మీద ఇటుక, సున్నం, గచ్చుతో లేచాయి. అంతఃపుర ప్రాంతంలో గోడల గచ్చు నేటికీ నిలిచి ఉంది. గండికోటలో మాధవరాయ గోపురం అదే సాక్ష్యం చెబుతుంది. డంగు సున్నం తయారు చేయడం తెలియని రాజ్యం కాదది. మరి రాజు ఎందుకు నవ్వి ఉంటాడు? నేను ఊహించేది ఇది. తెలుగు, కన్నడ దేశాల్లో చెరువుకట్టకు సున్నం పెట్టరు. మట్టి కట్ట, లోపలి వైపు పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పొడిగా పేర్చిన రివెట్‌మెంట్. నీళ్లు ఊరినా, కట్ట కుంగినా, బండ బండకు సర్దుకుంటుంది. సున్నంతో బిగిస్తే ఒక చోట చీలి మొత్తం పోతుంది. ఎస్త్రెమోజ్ లాంటి ఊళ్ల నుంచి వచ్చినవాడికి కోట గోడా, కట్టా ఒకటే పద్ధతి. సీమవాడికి రెండూ వేరు. రాజు నవ్వు అజ్ఞానపు నవ్వు కాదు, పని తెలిసినవాడి నవ్వు. నూనిజ్ దాన్ని తిరగేసి రాశాడని నా అభిప్రాయం.

ఈ చిన్న సంఘటన నన్ను గండికోట గోడ దగ్గరికి మళ్లీ తీసుకుపోయింది. కోట గోడలో కూడా పునాది వరస బండలు సహజంగా ఉన్న కొండరాయి మీదే కూర్చున్నాయి. పునాది తవ్వే పని లేదు, కొండే పునాది. బండ అంచును పక్క బండకు తగినట్టు చెక్కి ఒరిపెట్టారు. ఈ పని తెలిసినవాళ్లు వందల మంది ఉండి ఉంటారు. ఒక్కరి పేరూ లేదు. శాసనాల్లో దానం ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, పొలం ఎల్లలు, సూర్యచంద్రులు ఉన్నంత కాలం అనే మాట, దాన్ని తప్పినవాడికి శాపం ఉంటాయి. కైఫీయత్తులో నాయకుడి పేరు, అతని కొడుకు పేరు, యుద్ధం ఉంటాయి. ఈ దారి చరిత్రలో రాతి పనివాడిగా పేరుతో మిగిలింది ఒక పోర్చుగీసువాడు, అతనూ ఇంకో పోర్చుగీసువాడు రాసుకున్నందువల్ల.

ఇంకొక పనివాడికీ పేరు దక్కింది. అతనూ పరదేశే.

1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోట మీదికి వచ్చాడు. విజయనగరం ఎప్పుడో చితికిపోయింది, పెమ్మసాని చినతిమ్మా నాయుడు ఒంటరిగా కోటను పట్టుకుని ఉన్నాడు. 1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నవ్యాపారి జాన్ బాప్తిస్త్ టావెర్నియర్ మద్రాసు మీదుగా ఇక్కడికి వచ్చాడు. అతను గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్మాలి, మీర్ జుమ్లా చూడనిదే సుల్తాను కొనడు. టావెర్నియర్ యాత్రాగ్రంథంలో గండికోట గురించిన పుటలు ఈ కోటకు అందిన అన్నిటికంటే స్పష్టమైన కళ్ల సాక్ష్యం. కొండలోకి తొలిచిన దారి 20, 25 అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల 7, 8 అడుగులే. ఒక పక్క భయంకరమైన లోయ, దాని అడుగున నది. పైన చిన్న మైదానం, అందులో వరి, జొన్న లాంటి పైర్లు, ఊటలు. లోయ లేని వైపున మాత్రం చెక్కిన రాతి గోడలు, రాతి కందకాలు. కాపలా కాయాల్సిన వెడల్పు 400, 500 అంగలే. కోటలో ఉన్నవి రెండు ఇనప ఫిరంగులు మాత్రమే.

ఆ కొలతల్లోనే పెమ్మసాని వాళ్ల తెలివి కనిపిస్తుంది. కోట బలం గోడలో కంటే చోటు ఎంపికలో ఉంది. నది పని నది చేసింది, మనిషి చేయాల్సింది ఒక పక్కన మాత్రమే మిగిలింది. రెండు ఫిరంగులతో గోల్కొండ సైన్యాన్ని నెలల తరబడి ఆపడానికి అదే కారణం. మీర్ జుమ్లా ఫిరంగులను కొండ పైకి ఎక్కించేదాకా, లోపలివాళ్లు బయటికి వచ్చి పడి చాలామందిని చంపారట. మీర్ జుమ్లా కొలువులోని ఫిరంగివాళ్లలో ఒకడి పేరు క్లోద్ మాయే, ఫ్రాన్సులోని బూర్జ్ ఊరివాడు, ఫిరంగులు పోతపోసే పనివాడు. కోట పడ్డాక మీర్ జుమ్లా అతనికి కొత్త పని అప్పగించాడు. ఇరవై ఫిరంగులు పోయాలి. రాగి ఎక్కడిది? గుళ్లలోని విగ్రహాలు. చుట్టుపట్ల ఆలయాల నుంచి విగ్రహాలు తెప్పించి కరిగించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ, పూజారులు మంత్రం వేశారని అనుమానించారనీ టావెర్నియర్ రాశాడు. మాయే చివరికి పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ పోయలేదు. ఒకటి పగిలింది, ఒకటి సగంలో నిలిచింది, తర్వాత అతను ఆ కొలువే వదిలి వెళ్లాడు.

కరగని విగ్రహాల మాట ఊరివాళ్లు ఇవాళ మహిమగా చెబుతారు. లోహ మిశ్రమం తేడాగా ఉండి ఉండవచ్చు, కొలిమి వేడి చాలక ఉండవచ్చు. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఆ విగ్రహాలు పోసిన శిల్పి, మాయే కంటే బాగా పని తెలిసినవాడు. అతని పేరు లేదు. పోయలేకపోయిన మాయే పేరు ఉంది.

టావెర్నియర్ మీర్ జుమ్లా గుడారంలో కూర్చుని చూసింది కూడా చెప్పాలి. ఆ సేనాని కాళ్లకు ఏమీ తొడుక్కోకుండా కూర్చుని, కాలి వేళ్ల సందుల్లోనూ చేతి వేళ్ల సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటి తీసి జవాబు చెప్పిస్తూ, మధ్యలో నేరస్థుల విచారణ చేస్తుండేవాడట. యుద్ధం చేసినవాడిలో ఒక గుమాస్తా కూడా ఉన్నాడు. కోటలోని జామియా మసీదు, ఎత్తైన కమానులు, గుమ్మటాలు, పక్కన పెద్ద ధాన్యాగారం గోల్కొండ కాలం నుంచి మొదలైన కట్టడాల్లోవి. ఇక్కడ సున్నం లేనిది పని జరగదు. కమాను నిలవాలంటే సున్నం కావాలి. ఒకే కోటలో బండ మీద బండ పేర్చిన పద్ధతీ, సున్నంతో కమాను తిప్పిన పద్ధతీ పక్కపక్కన కనిపిస్తాయి. ధాన్యాగారపు లోపలి చల్లదనంలో నిలబడి పైకి చూస్తే, ఈ కప్పు పోసిన మేస్త్రీ హైదరాబాదు నుంచి వచ్చాడా, ఈ చుట్టుపట్లవాడే ఆ విద్య నేర్చుకున్నాడా అనే ప్రశ్న నన్ను వదలలేదు.

తర్వాతి కథ చకచకా సాగింది. గోల్కొండ నుంచి మొగలులకు, కడప నవాబులకు, హైదర్ అలీకి, టిప్పుకు కోట మారింది. టిప్పుతో యుద్ధంలో కెప్టెన్ లిటిల్ అనే దొర దాన్ని పట్టాడు. 1792లో నిజాముకు, 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి పోయింది. కంపెనీకి కోట అవసరం లేదు, శిస్తు అవసరం. థామస్ మన్రో కచ్చేరీలో గండికోట ఒక గ్రామం పేరైంది. పెమ్మసాని వంశంవాళ్లు దక్షిణాన తమిళ దేశంలో కురివికుళం దాకా పోయి అక్కడ జమీందారులయ్యారు. అక్కడి తెలుగువాళ్ల జ్ఞాపకంలో గండికోట నేటికీ ఉంది.

ఇప్పుడు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం. నడుమ ఈ లోయ. జలాశయానికి ఎన్నో ఊళ్లు మునిగాయి, వాటి మిద్దెల బండలు కూడా నీళ్ల కింద ఉన్నాయి. సెలవు రోజుల్లో వందల కార్లు వస్తాయి, లోయ అంచున ఫోటోలు తీసుకుంటారు. గోడ వైపు చూసేవాళ్లు తక్కువ. ద్వారం తలుపులకున్న ఇనప ముళ్లను పట్టుకుని పిల్లలు ఊగుతుంటే, అవి ఏనుగు నుదుటికి ఎదురు నిలవడానికి బిగించినవని ఎవరూ చెప్పడం లేదు.

నేను కిందటి మాఘమాసంలో వెళ్లినప్పుడు జమ్మలమడుగు దగ్గర బండల గనిలో పనిచేసే పెద్దాయన ఒకరు తోడు వచ్చారు. మా బంధువులకు తెలిసినవారు. నలభై ఏళ్లు బండ లేపిన చేతులు. దారిలో అడిగాను, కోట ఎన్నిసార్లు చూశారని.

‘‘చిన్నప్పుడు ఒగసారి, తిర్నాళ్లకు. మళ్లీ ఇదే సార్. రోజూ బండ చూసేటోనికి ఈ బండ ఏం చూడాల అనుకుంటి.’’

గోడ దగ్గర ఆయన నడక మారింది. ద్వారం దాటాక లోపలి వైపు, గోడ నుంచి జారిపడిన ఒక బండ పక్కన కూర్చున్నారు. దాని అంచు పొడుగునా చిన్న చిన్న గుంటల వరుస ఉంది, ఒక్కో గుంట సగానికి తెగి. బండను గుట్ట నుంచి చీల్చేటప్పుడు ఇనప చీలలు దించడానికి తొలిచిన గుంటలు అవి. బండ చీలినప్పుడు సగం గుంట ఈ ముక్కకు, సగం గుంట ఆ ముక్కకు పోతుంది.

‘‘ఇది మా బండ కాదు సార్,’’ అన్నారు. ‘‘మాది పొర పట్టుకుంటే లేస్తాది. దీనికి పొర ఉన్నా మాట ఇనదు. శానం ఒంగిపోతాది. దీన్ని చీల్చినోడు మామూలోడు కాదు.’’

వేలు ఒక గుంటలో పెట్టి లోతు చూశారు. తర్వాత బొటనవేలు ఒక గుంట మీద, చిటికెన వేలు రెండో గుంట మీద ఉంచి జానతో కొలిచారు. పక్క గుంటకు జరిపారు. ఇంకో గుంటకు. వరుస చివరిదాకా కొలుచుకుంటూ పోయి, ఒక చోట ఆగారు. అక్కడ మాత్రం రెండు గుంటల నడుమ ఎడం తక్కువ ఉంది.

‘‘ఈడ బండలో ఏదో ఈనె కనిపించింటాది ఆయనకు. ఈడ దగ్గర దగ్గర పెట్టినాడు. మా నాయన గూడా ఇట్లే పెడతాన్నెడు.’’

ఆయన చాలాసేపు ఆ గుంట మీద వేలు తీయలేదు. కింద లోయలో పెన్న మీద ఎండ పడుతోంది.